కొడైకెనాల్ సూర్య వేధశాల: గుంటూరు, విజయవాడ నుంచి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో ఫిజిక్స్ చెబుతాను. కొడైకెనాల్ కొండ మీది సూర్య వేధశాలకి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాను, రెండుసార్లు పిల్లలతో. ఏటా సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. దాదాపు అందరివీ అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## బయలుదేరే ముందు

కొడైకెనాల్ అంటే లేక్, బోటింగ్ కదా? అక్కడ వేధశాల ఏంటి?

లేక్ కన్నా పైన, ఊరి చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చోట, సముద్రమట్టానికి 2,343 మీటర్ల ఎత్తులో సూర్యుణ్ని గమనించే కేంద్రం ఒకటుంది. 1895లో శంకుస్థాపన జరిగింది, 1899లో పని మొదలైంది. 1904 నుంచి ఎండ కాసిన ప్రతిరోజూ అక్కడ సూర్యుడి ఫోటో తీస్తూనే ఉన్నారు. ప్రపంచంలో ఇంత పొడుగాటి సూర్యుడి ఆల్బం ఉన్న చోట్లు చాలా తక్కువ. రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, తెల్లవాళ్ల పాలన పోయింది, గాజు పలకలు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాయి, ఆ పని మాత్రం ఆగలేదు. దీన్ని ఇప్పుడు బెంగళూరు కేంద్రంగా ఉన్న భారతీయ ఖగోళ భౌతిక సంస్థ నడుపుతోంది.

అది కొండ మీదే ఎందుకు కట్టారు? మద్రాసులో అప్పటికే ఒకటి ఉండేదట కదా?

ఉండేది. మద్రాసు వేధశాల 1792 నుంచి నుంగంబాకంలో పనిచేసింది. కానీ సముద్రపు ఒడ్డు ఊళ్లో గాలిలో తేమ, దుమ్ము ఎక్కువ. 1876–78 నాటి ఘోరమైన కరువులో మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోయారు. వానలు ఎందుకు తప్పుతున్నాయో తెలియాలంటే సూర్యుణ్ని క్రమం తప్పకుండా గమనించాలన్న ఆలోచన ఆ తరవాతే బలపడింది. మద్రాసు వేధశాలలో పనిచేసే చార్లెస్ మిచీ స్మిత్ నీలగిరుల్లోని కోటగిరిని, పళని కొండల్లోని కొడైకెనాల్‌ని పోల్చి చూసి కొడైకి ఓటేశాడు. అన్నం దొరక్క పోయిన ప్రాణాల వెనకనుంచి పుట్టిన వేధశాల ఇది. గేటు దాటేటప్పుడు నాకు ప్రతిసారీ ఆ మాటే గుర్తొస్తుంది.

మన విజయవాడ గాంధీ కొండ మీది ప్లానెటేరియం లాంటిదేనా?

కాదు. ప్లానెటేరియంలో గుండ్రటి పైకప్పు మీద ఆకాశాన్ని బొమ్మలా వేసి చూపిస్తారు. అది పగలూ నడుస్తుంది, వానలోనూ నడుస్తుంది. వేధశాలలో చూసేది నిజమైన ఆకాశాన్ని. అక్కడ మబ్బు పడితే ఏమీ కనబడదు. పైగా కొడైది ముఖ్యంగా పగటి వేధశాల. నక్షత్రాల షో ఉంటుందనుకుని వెళ్తే నిరాశపడతారు. మనకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న నక్షత్రాన్ని చూడ్డానికి వెళ్తున్నాం అనుకుంటే మాత్రం తృప్తిగా వస్తారు.

గుంటూరుకీ సూర్యుడి పరిశోధనకీ సంబంధం ఉందంటారు. నిజమా, ఊరికే చెప్పుకునే గొప్పా?

నూటికి నూరుపాళ్లు నిజం. ఈ జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుడి నీడ మన కోస్తా మీదుగా వెళ్లింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి మకాం వేశాడు. బ్రిటిష్ వాళ్ల తరఫున టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఆ ఉదయం లోకంలోని పేరున్న టెలిస్కోపులు కొన్ని మన తెలుగు ఊళ్లలో నిలబడి ఉన్నాయన్నమాట.

గ్రహణం వేళ సూర్యుడి అంచు నుంచి ఎర్రగా ఎగసే జ్వాలలు కనిపిస్తాయి. జాన్సన్ తన వర్ణపటదర్శినిని, అంటే వెలుగుని రంగులుగా విడదీసి చూపే పరికరాన్ని, వాటివైపు తిప్పి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి వేడికి వెలిగే వాయువులు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని చూడ్డానికి గ్రహణం అక్కర్లేదని ఆయనకి అక్కడికక్కడే తట్టింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు పగటి వెలుగులోనే గుంటూరు నుంచి వాటిని మళ్లీ చూశాడు. మనిషి గ్రహణం లేకుండా సూర్యజ్వాలల్ని పరిశీలించిన మొదటి రోజు అది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఇదే పనిని విడిగా ఆ అక్టోబరులో సాధించాడు. ఇద్దరి బొమ్మలతో ఫ్రెంచి ప్రభుత్వం పతకం కూడా వేయించింది.

ఆ గీతల్లో ఒక పసుపు గీత ఉంది. అది సోడియందే అని కొందరు మొదట అనుకున్నారు. కాదని, భూమ్మీద ఎవరికీ తెలియని మూలకానిదని లాకియర్ వాదించాడు. గ్రీకులో సూర్యుణ్ని హీలియోస్ అంటారు కాబట్టి దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, విలియం రామ్సే చేతిలో. కొడై వేధశాలకి శంకుస్థాపన జరిగిందీ ఆ ఏడాదే. నేను క్లాసులో ఈ రెండు సంగతుల్ని పక్కపక్కనే బోర్డు మీద రాస్తాను.

హీలియం అంటే బెలూన్లలో గాలి అని తెలిసిన మా గుంటూరు పిల్లలకి, దాని జాడ మొదట తగిలిన ఊళ్లలో తమ ఊరు ఒకటని తెలియదు. అది వాళ్లకి తెలియాలనే నా తాపత్రయం.

ఏ నెలలో వెళ్తే మంచిది?

జనవరి నుంచి మార్చి వరకు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, సూర్యుడు దొరుకుతాడు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండలు 40 డిగ్రీలు దాటితే అక్కడ 20 అటూ ఇటూ ఉంటుంది కాబట్టి అందరూ అప్పుడే వెళ్తారు. ట్రాఫిక్‌కి, రూముల రేట్లకి సిద్ధపడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. సూర్యుడి కోసమే వెళ్లేవాళ్లు ఆ నెలలు వదిలేయండి.

టికెట్ ముందే బుక్ చేసుకోవాలా? ఏ రోజుల్లో తెరిచి ఉంటుంది?

సందర్శన వేళలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి. అది పర్యాటక స్థలం కన్నా ముందు పరిశోధన కేంద్రం. కాబట్టి ప్రయాణానికి వారం ముందు భారతీయ ఖగోళ భౌతిక సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేదా అక్కడున్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి. స్కూలు, కాలేజీ బృందాలైతే లెటర్‌హెడ్ మీద ముందుగా రాయడం మంచి పద్ధతి. నేను రాసినప్పుడు పిల్లల సంఖ్య, క్లాసు, వచ్చే రోజు వివరంగా పెట్టాను. చెప్పేవాళ్లకి కూడా ఏ స్థాయిలో చెప్పాలో తెలుస్తుంది.

చిన్నపిల్లలకి అర్థమవుతుందా?

ఏడో తరగతి దాటిన పిల్లలకి బాగా పడుతుంది. అంతకన్నా చిన్నవాళ్లకి సూర్యుడి బింబం, దాని మీది మచ్చలు చూపిస్తే చాలు. మిగతాది వాళ్లకే గుర్తుండిపోతుంది.

## దారిలో

విజయవాడ నుంచి ఎలా వెళ్లాలి? గుంటూరు వాళ్లు ఎక్కడ ఎక్కాలి?

తేలికైన దారి రెండు రైళ్లది. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్ ఆరేడు గంటలు. అక్కణ్నుంచి ఎగ్మూరు స్టేషన్ దగ్గరే, ఆటోలో వెళ్లిపోవచ్చు. ఎగ్మూరులో రాత్రిపూట మదురై వైపు వెళ్లే రైలెక్కితే తెల్లారేసరికి దిండిగల్ గానీ, కొడైకెనాల్ రోడ్ అనే స్టేషన్ గానీ వస్తుంది. పేరు చూసి కొడైలో దిగిపోయాం అనుకోకండి. ఆ స్టేషన్ కొండ కింద ఉంది. అక్కణ్నుంచి ఊరు ఇంకో 80 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డుతో కలిపి దాదాపు మూడు గంటలు. విజయవాడ మీదుగా మదురై వెళ్లే రైళ్లు కూడా ఉన్నాయి, మీ తేదీకి కుదిరితే చెన్నైలో మారే పని తప్పుతుంది.

గుంటూరు వాళ్లు విజయవాడ దాకా వెనక్కి రానక్కర్లేదు. తెనాలి చెన్నై మెయిన్ లైను మీదే ఉంది. మీ రైలు అక్కడ ఆగుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

రెండు రైళ్ల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. సామాను, పిల్లలు, పెద్దవాళ్లతో పరుగులు పెడితే ప్రయాణం మొదట్లోనే ఒంట్లో ఓపిక అయిపోతుంది.

సొంత కారులో వెళ్దామనుకుంటున్నాం. ఏమైనా పర్మిషన్ కావాలా?

కావాలి. 2024 మే 7 నుంచి కొడైకెనాల్‌కి వచ్చే వాహనాలకి ఈ-పాస్ తప్పనిసరి. మద్రాసు హైకోర్టు ఆదేశం అది. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబరు, ఎంతమంది, ఎన్నాళ్లు, ఎక్కడ ఉంటారు అని నింపి తీసుకోవాలి. ఘాట్ మొదట్లో చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని తిరిగే బదులు ఇంట్లోనే ప్రింటు తీసుకుని అద్దం దగ్గర పెట్టుకోండి. మన దగ్గర్నుంచి కారులో దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఒకే డ్రైవరైతే ఒక రాత్రి మధ్యలో ఆగి నిద్రపోవాల్సిందే.

ఘాట్ రోడ్డులో వాంతులవుతాయేమోనని టెన్షన్. ఏం చేయాలి?

వత్తలగుండు దాటాక మలుపులు మొదలై పైదాకా వదలవు. ఖాళీ కడుపుతో వద్దు, పూర్తిగా తిని వద్దు. రెండు ఇడ్లీలతో ఎక్కండి. ముందు సీటు, కిటికీ తెరిచి, ఫోన్ లోపల పెట్టి దూరంగా రోడ్డు వైపు చూడటం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. నిమ్మకాయ వాసన చాలామందికి నప్పుతుంది. మాత్ర వేసుకోవాలంటే డాక్టరుని అడిగి, ఎక్కడానికి అరగంట ముందు వేసుకోవాలి. మలుపుల మధ్యలో వేసుకుంటే లాభం లేదు.

అంత ఎత్తులో ఊపిరాడదంటారు, అమ్మానాన్నలని తీసుకెళ్లొచ్చా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆ ఎత్తులో ఇబ్బంది ఉండదు. మెట్లెక్కితే మామూలు కన్నా త్వరగా ఆయాసం వస్తుంది, అంతే. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు మాట తీసుకోవాలి. మొదటి రోజు నడకలు పెట్టుకోకుండా రూములో కూర్చోబెట్టండి. ఇంకో సంగతి, ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే టీ కొంచెం చప్పగా, అన్నం కొంచెం పలుకుగా అనిపిస్తుంది. వంటవాళ్ల తప్పు కాదు.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

స్వెటరు, చెవులు కప్పే మఫ్లరు, గొడుగు. చలిగా ఉంది కదా అని ఎండని తక్కువ అంచనా వేయొద్దు. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు ఎక్కువ తగులుతాయి, ముఖం తెలియకుండానే కమిలిపోతుంది. టోపీ ఉండాలి. నీళ్లకి స్టీలు సీసా తీసుకెళ్లండి, కొండ మీద ప్లాస్టిక్ సీసాల మీద ఆంక్షలు గట్టిగా ఉన్నాయి. పులిహోర, కారప్పొడి మీరు చెప్పకపోయినా పెడతారని తెలుసు. ఒక నోటుబుక్, పెన్సిలు కూడా పెట్టండి.

## కొండ మీద, గేటు లోపల

ఏ టైముకి వెళ్తే సూర్యుడు బాగా కనిపిస్తాడు?

తెరిచిన వెంటనే. ఉదయం నేల ఇంకా వేడెక్కదు, గాలి నిలకడగా ఉంటుంది, బింబం అదరదు. మధ్యాహ్నం అయ్యేసరికి లోయల్లోంచి మంచు లేచి కొండని కప్పేస్తుంది.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు మాట్లాడుకున్న టాక్సీ అతను పన్నెండు పాయింట్ల లిస్టు చేతిలో పెట్టి, వేధశాలని ఆఖర్న పెట్టాడు. మేం చేరేసరికి మూడున్నర. పది అడుగుల అవతలి చెట్టు కనిపించలేదు. గుంటూరు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు వచ్చి, సూర్యుణ్ని చూడకుండా తిరిగి వచ్చాం. నా పక్కన మా అమ్మాయి, అప్పటికి పదకొండేళ్లు, బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. టాక్సీ ఎక్కగానే మొదట వేధశాల అని చెప్పండి, మిగతావి తరవాత.

లోపల మామూలు జనానికి ఏం చూపిస్తారు?

చిన్న మ్యూజియం ఉంది. ఫోటోలు, నమూనాలు, పాత పరికరాల కథ. అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు: ఆ క్షణంలో ఆకాశంలో ఉన్న సూర్యుడి బింబం, ఆ వెలుగునే విడదీసి పరిచిన వర్ణపటం.

బింబం దగ్గర తొందరపడకండి. తెల్లటి గుండ్రటి వెలుగు. మధ్యలో కన్నా అంచుల్లో కాస్త మసకగా ఉంటుంది. కళ్లు అలవాటుపడ్డాక నల్ల చుక్కలు తేలతాయి, పెన్సిలు మొనతో పెట్టినట్టు. అవి సూర్యమచ్చలు. బింబం మీద చుక్కలా ఉన్న మచ్చ నిజంగా భూమి అంత ఉండొచ్చు. మచ్చలోపల చుట్టుపక్కల కన్నా వేడి తక్కువ, అందుకే నల్లగా కనబడుతుంది. విడిగా తీసి ఆకాశంలో పెడితే అదీ కళ్లు చెదిరేలా వెలుగుతుంది. ఒక్కోసారి ఒక్క మచ్చా ఉండదు. మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి.

వర్ణపటం దగ్గర ఎరుపు నుంచి ఊదా దాకా రంగుల పట్టీ, దానికి అడ్డంగా సన్నటి నల్ల గీతలు. సూర్యుడి పై పొరల్లోని మూలకాలు తమ తమ రంగుల్ని మింగేసిన చోట్లు అవి. పసుపు రంగు దగ్గర ఆగి వెతకండి. పక్కపక్కనే రెండు గీతలు జంటగా ఉంటాయి, సోడియంవి. ఇంట్లో పప్పు పొంగి గ్యాస్ మంట మీద పడితే మంట పసుపెక్కుతుంది కదా, అది ఉప్పులోని ఈ సోడియమే. ఆ జంటకి ఆకుపచ్చ వైపు, వెంట్రుకవాసి దూరంలో, హీలియం గీత చోటుంది. సూర్యుడి మామూలు వెలుగులో అక్కడ గీత కనబడదు. అంచున లేచే జ్వాలల్ని చూసినప్పుడే పసుపుగా మెరుస్తుంది. 1868లో గుంటూరులో కనిపించింది అదే. ఏమీ లేని ఆ చోట వేలు చూపించి "మన ఊరి గీత ఇక్కడ ఉంటుంది" అని మా పిల్లలకి చెప్పాను. ఒకబ్బాయి నోటుబుక్కులో రెండు నల్ల గీతలు గీసి, పక్కన పసుపు స్కెచ్‌తో మూడోది గీసుకున్నాడు.

సొరంగం టెలిస్కోప్ అంటారు, అదేంటి? లోపలికి రానిస్తారా?

మామూలు సందర్శకులకి సాధారణంగా అనుమతి ఉండదు, అక్కడ రోజూ పరిశీలన నడుస్తుంటుంది. పని మాత్రం ఇలా జరుగుతుంది. 11 మీటర్ల గోపురం మీద 60 సెంటీమీటర్ల అద్దం సూర్యుడి వెంట తిరుగుతూ, రెండో అద్దం సాయంతో వెలుగుని కిందికి పంపుతుంది. ఆ వెలుగు 60 మీటర్ల సొరంగంలోకి మళ్లి, 38 సెంటీమీటర్ల కటకం గుండా వెళ్లి 36 మీటర్ల దూరంలో బింబం కడుతుంది. బింబం వెడల్పు 34 సెంటీమీటర్లు. మన పెద్ద భోజనం కంచం అంత సూర్యుడు! సొరంగం ఎందుకంటే నేల లోపల ఉష్ణోగ్రత మారదు, గాలి కదలదు, బింబం వణకదు. దీన్ని తెప్పించిన అప్పటి డైరెక్టరు అనిల్ కుమార్ దాస్ పేరు చంద్రుడి మీద ఒక బిలానికి పెట్టారు.

ఎవర్‌షెడ్ ప్రభావం అని బోర్డుల మీద ఉంటుంది. తేలిగ్గా చెప్పండి.

జాన్ ఎవర్‌షెడ్ 1907లో కొడైకి వచ్చాడు. 1909 జనవరిలో సూర్యమచ్చల వర్ణపటం చూస్తుంటే గీతలు కొద్దిగా పక్కకి జరిగి కనిపించాయి. రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒకలా, దూరమయ్యేటప్పుడు ఒకలా వినిపించినట్టే, వెలుగిచ్చేది కదిలితే గీతలు జరుగుతాయి. మచ్చ చుట్టూ ఉండే మసక అంచులో వాయువు మధ్య నుంచి బయటికి ప్రవహిస్తోందని ఆయన తేల్చాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఆ పేరుతోనే చెబుతారు. ఆయన భార్య మేరీ కూడా సూర్యజ్వాలల మీద ఆయనతో కలిసి పరిశోధన చేసింది. బోర్డుల్లో ఆమె పేరు కోసం కూడా వెతకండి.

మన తెలుగువాళ్లు ఎవరైనా అక్కడ పనిచేశారా?

వేధశాలకి మొట్టమొదటి భారతీయ డైరెక్టరు తెలుగువారే. ఎ.ఎల్. నారాయణ, అంతకుముందు విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినవారు. 1937 నుంచి 1946 దాకా ఇక్కడ డైరెక్టరుగా ఉన్నారు. మన ఇంజనీరింగ్ పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసో నాకు తెలుసు కాబట్టి బాధగా ఉంటుంది.

1960లో డైరెక్టరుగా వచ్చిన వేణు బప్పు హైదరాబాదులో పెరిగినవాడు, తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. విద్యార్థిగా ఉండగానే 1949లో ఒక తోకచుక్కని కనిపెట్టాడు.

ఇంకో ముక్క. చెన్నైలో రైలు మారేటప్పుడు సగం రోజు దొరికితే నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో 1792 నాటి మద్రాసు వేధశాల రాతి స్తంభం ఉంది. దాని మీది శాసనం లాటిన్, తమిళంతో పాటు తెలుగులోనూ చెక్కారు. వెయ్యేళ్ల తరవాతి వాళ్లకి కూడా తెలియాలని అందులో రాశారు. లోపలికి వెళ్లాలంటే అనుమతి అడగాలి.

మబ్బు పడితే డబ్బు దండగేనా?

సూర్యుడి బింబం కనబడదు, అది నష్టమే. మ్యూజియం మాత్రం చూడొచ్చు. పాత ఫోటోల ముందు నిలబడి తేదీలు చదవండి. మీ తాతగారు పుట్టిన ఏడాదివి దొరికితే అప్పుడు సూర్యుడి మీద ఎన్ని మచ్చలున్నాయో లెక్కపెట్టొచ్చు. కొడైలో రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకుంటే ఒక ఉదయం చెడినా ఇంకో ఉదయం చేతిలో ఉంటుంది.

రాత్రి నక్షత్రాలు చూపిస్తారా?

చిన్న టెలిస్కోప్‌తో ఆకాశం చూపించే ఏర్పాటు ఉంటుంది. వాతావరణం, సిబ్బంది వీలు చూసుకుని చేస్తారు కాబట్టి ముందే కనుక్కోండి. నక్షత్రాలే ముఖ్యమనుకునేవాళ్లకి అదే సంస్థవారి కావలూరు వేధశాల సరైనది. తమిళనాడులోనే జవ్వాది కొండల్లో ఉంది, 2.3 మీటర్ల అద్దమున్న వేణు బప్పు టెలిస్కోప్ అక్కడే.

ఎక్స్‌రే ఫిల్మ్, కూలింగ్ గ్లాసెస్‌తో సూర్యుణ్ని చూడొచ్చా?

వద్దు. వెలుగు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ కంటికి కనబడని కిరణాలు లోపలికి వెళ్తూనే ఉంటాయి. రెటీనా కాలితే నొప్పి తెలియదు, చూపు తిరిగి రాదు. బైనాక్యులర్‌తో ఒక్క సెకను కూడా వద్దు. ప్రమాణాలకి తగ్గట్టు తయారైన గ్రహణం కళ్లద్దాలు, గీతలు పడకుండా ఉన్నవి మాత్రమే వాడాలి. ఈ ఒక్క విషయంలో పిల్లల మీద కోప్పడినా తప్పులేదు.

## చుట్టూ చూపు

వ్యూ ఎక్కడ బాగుంటుంది?

వేధశాలకి వెళ్లే దారిలోనే పైనుంచి లేక్ మొత్తం కనిపించే మలుపు ఉంది. 1863లో కట్టించిన ఆ చెరువు చేతివేళ్లు చాచినట్టు ఉంటుంది. పడవలో తిరిగినా తెలియని ఆకారం అక్కణ్నుంచి తెలుస్తుంది. కురింజి ఆండవర్ గుడి దగ్గర నిలబడితే ఒక పక్కకి కొండ జారిపోయి కింద మైదానం పరుచుకుని ఉంటుంది. నిర్మలంగా ఉంటే వైగై డ్యామ్ నీళ్లు తళుక్కుమంటాయి.

మన కనకదుర్గమ్మ కొండ మీంచి కృష్ణ, బ్యారేజి, ఊరు అన్నీ చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. ఇక్కడ అలా కాదు. కింద ఊళ్లు బియ్యపు గింజల్లా ఉంటాయి, శబ్దం ఒక్కటీ పైకి రాదు. నాకు రెండూ ఇష్టమే.

కొండ అంచు నడక దారి కోకర్స్ వాక్‌లో మంచు మీద మనిషి నీడ, చుట్టూ ఇంద్రధనుస్సు కనబడుతుందట. నిజమేనా?

నిజం. మీ వెనక సూర్యుడు తక్కువ ఎత్తులో ఉండాలి, ముందు లోయలో మంచు ఉండాలి. అప్పుడు మీ నీడ ఆ మంచు తెర మీద పెద్దదిగా పడుతుంది. తల చుట్టూ రంగుల వలయం ఉంటుంది. నీటి తుంపరలు వెలుగుని తిరిగి మీ వైపే పంపడం వల్ల వచ్చేది అది. తమాషా ఏంటంటే, పక్కనున్న మనిషికి వలయం అతని తల చుట్టూనే కనబడుతుంది గానీ మీ తల చుట్టూ కాదు. దారి పొడవు కిలోమీటరు, తీరిగ్గా నడవండి. నాకు నాలుగు ప్రయాణాల్లో ఒక్కసారే దొరికింది, ఒక నిమిషం పాటు.

కురింజి పూలు ఇప్పుడు చూడొచ్చా?

నీలకురింజి 12 ఏళ్లకోసారి పూస్తుంది. 2018లో పూసింది, మళ్లీ 2030లో.

## తిరిగొచ్చాక

పిల్లలు ఇంకా చూస్తామంటున్నారు. ఇంట్లో ఏం చేయించొచ్చు?

అట్టముక్కకి గుండుసూదితో చిన్న చిల్లు పెట్టండి. తలుపులు మూసిన గదిలో కిటికీ సందులో దాన్ని అమర్చి, ఎదురుగా తెల్ల కాగితం పట్టుకుంటే కాగితం మీద సూర్యుడి బింబం పడుతుంది. చిల్లులోంచి చూడకూడదు, కాగితాన్నే చూడాలి. చిల్లుకీ కాగితానికీ ఉన్న దూరాన్ని 107తో భాగిస్తే బింబం వెడల్పు వస్తుంది. రెండు మీటర్లకి రెండు సెంటీమీటర్ల కన్నా కొంచెం తక్కువ. కొడై సొరంగంలోని 36 మీటర్లని 107తో భాగించమనండి, 34 సెంటీమీటర్లు దగ్గర తేలుతుంది. అంత పెద్ద పరికరమూ మీ అట్టముక్కా ఒకే లెక్క మీద నడుస్తున్నాయని వాళ్లకి వాళ్లే తెలుసుకుంటారు.

ఇంకోటి మేడ మీద. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో గుంటూరు, విజయవాడల్లో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పెట్టిన స్టీలు గ్లాసుకి నీడే పడదు. కొడైలో అది ఏప్రిల్ మధ్యలోనే జరిగిపోతుంది, మనకన్నా దక్షిణంగా ఉంది కాబట్టి.

మన ఊళ్లో మళ్లీ సూర్యగ్రహణం ఎప్పుడు?

2027 ఆగస్టు 2 సాయంత్రం పాక్షికంగా కనిపిస్తుంది. ఆ వేళకి సూర్యుడు పడమట కిందికి దిగి ఉంటాడు కాబట్టి పడమర వైపు మేడలు, చెట్లు అడ్డం లేని చోటు ఇప్పట్నుంచే చూసిపెట్టుకోండి. మేం మా కాలేజీ మేడ మీద అట్టముక్కలతో ఉంటాం. గుంటూరులో ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకుని రండి.